మాస్టారి చెవిన వేసిన మాట

చింతలపూడి వైపు మెట్ట పల్లెల్లో మార్చి వచ్చిందంటే మగవాళ్ళు ఇళ్ళలో కనిపించడం తగ్గిపోతుంది. మామిడికాయ ఎదిగే కాలమది. తోట కౌలుకు తీసుకున్నవాడు రాత్రుళ్ళు కాపలా పాకలోనే పడుకుంటాడు, అన్నం కూడా అక్కడికే వెళుతుంది. నూజివీడు రసాలంటే నోరూరనివాడుండడు. ఆ కాయ వెనుక ఎన్ని కుటుంబాల జాగరణ ఉన్నదో తినేవాడికి తెలియదు. చాలాకాలం నాకూ తెలియదు.

1994 మార్చిలో ఆ ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో నేను ఏడవ తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఒంటిపూట బడులు మొదలై వారమైంది. మొదటి పీరియడు సగం కాకముందే మూడో బెంచీలో ఒక కుర్రవాడు తల వాల్చేసేవాడు. రెండు రోజులు నిలబెట్టాను. మూడోరోజు బెత్తం వాడాను. (ఆనాడు అది తప్పని అనేవారు తక్కువ. నేనూ అనుకోలేదు.) నాలుగోరోజు వాడి నోటు పుస్తకంలో, "మీ అబ్బాయి తరగతిలో నిద్రపోతున్నాడు, ఒకసారి వచ్చి కలవండి" అని వ్రాసి, ఇంట్లో సంతకం పెట్టించుకు రమ్మన్నాను. మర్నాడు వేలిముద్ర వచ్చింది, మనిషి రాలేదు. నాకు కోపం వచ్చింది. తరువాత తెలిసిందేమంటే, ఆ ఇంట్లో చదవడం వచ్చినవాడు ఆ కుర్రవాడొక్కడే. పరీక్ష ఫీజు గురించి మాస్టారు వ్రాశారని చెప్పి వాడే వేలిముద్ర వేయించాడట! తన మీద వచ్చిన ఫిర్యాదును తానే చదివి వినిపించవలసి వస్తే పెద్దవాళ్ళమైనా మనం ఏం చేసేవాళ్ళం?

ఆ ఆదివారం దివ్యపూజ ముగిసి జనం బయటికి వస్తుండగా గుడి మెట్ల దగ్గర వాడి తల్లి కనిపించింది. అక్కడే, నలుగురిలో, విషయం చెప్పేశాను. ఆమె తల వంచుకుని, "తోలు వలిచెయ్యండి మాస్టారూ, కళ్ళు మాత్రం మిగల్చండి" అన్నది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. మన పల్లెల్లో తరతరాలుగా తల్లిదండ్రులు అంటూ వచ్చిన మాట అది. వినేవారికి అది గౌరవంలా వినిపిస్తుంది. నాకూ ఆరోజు అలాగే వినిపించింది. కాస్త ఆలోచిస్తే, అది మాటలు మొదలు కాకుండానే ముగించే మాట. "బిడ్డను మీకు అప్పగించాను, ఇక నన్నేమీ అడగకండి" అని దాని అర్థం. బిడ్డ గురించి తమకు తెలిసినదాన్ని మాస్టారితో పంచుకోవడానికి ధైర్యం లేనివాళ్ళు బిడ్డనే పూర్తిగా అప్పగించేస్తారు.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో క్రీస్తు ప్రభువు, సోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా ఉన్నప్పుడే చెప్పమన్నారు. సాక్షులు, సంఘము అన్నవి ఆ తరువాతి మెట్లు. నేను చివరి మెట్టు దగ్గర మొదలుపెట్టాను, అదీ గుడి మెట్ల మీద.

రెండురోజులకు, చీకటి పడ్డాక, ఆమె మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. మెల్లగా చెప్పింది. భర్త అప్పు చేసి తోట కౌలుకు తీసుకున్నాడు. ఈదురుగాలికి కాయ చాలా రాలింది. ఆ దిగులుతో తాగుడుకు అలవాటుపడ్డాడు. కాపలాకు మనిషిని పెట్టే స్తోమతు లేదు గనుక రాత్రులు పిల్లవాడే పాకలో మేలుకుంటున్నాడు. తెల్లవారాక ఇంటికొచ్చి, ముఖం కడుక్కుని బడికి వస్తున్నాడు. "ఎవరితోనూ అనకండి మాస్టారూ, మా ఆయన పరువు పోతుంది" అన్నది.

ఇంటిగుట్టు లంకకు చేటు అని మన సామెత. ఆమె ఆ సామెతను కాదని నా గుమ్మానికి వచ్చింది. వాడిని నేను మళ్ళీ కొట్టలేదు. కాని ఇంకో పని చేశాను. తరువాతి పీరియడు తెలుగు మాస్టారిది. ఆయన చెయ్యి నాకంటే దురుసు. పిల్లవాడిని కాపాడాలనే మంచి ఉద్దేశంతోనే స్టాఫ్ రూములో ఆయనకు సంగతంతా చెప్పాను. ఆయన కూడా జాలితోనే టీ బడ్డీ దగ్గర ఎవరితోనో అన్నారు. కాయ రాలిపోయిందనీ, మనిషి తాగుతున్నాడనీ అప్పిచ్చినాయనకు తెలిసిపోయింది. కోత దాకా ఆగవలసిన మనిషి ఆ వారమే వచ్చి వాళ్ళ వాకిట్లో కూర్చున్నాడు.

నా ఉద్దేశం మంచిదే కదా, మరి తప్పెక్కడ? చాలాకాలం ఈ ప్రశ్న నన్ను వదలలేదు. నేను చేరుకున్న సమాధానం ఇది. ఆ మాట నాది కాదు, ఆమెది. నా దగ్గర దాచుకున్న సొమ్ము లాంటిది. దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వాలంటే, ఎంత మంచి పనికైనా, ఆమెను ఒక్కసారి అడగాలి. "తెలుగు మాస్టారికి చెప్పనా తల్లీ?" అని అడగడానికి అరనిమిషం పట్టేది. "నిద్ర తక్కువైన కుర్రవాడు, కాస్త చూసీచూడనట్టు పొండి" అని ఊరుకున్నా ఆయనకు సరిపోయేది. కారణం అంతా ఆయనకు అవసరం లేదు.

మన కతోలికులకు ఈ సంగతి మరీ తేలికగా అర్థం కావాలి. పాపసంకీర్తనంలో విన్నది గురువు నోట ఎన్నడూ బయటికి రాదన్న నమ్మకం లేకపోతే ఎవరు వెళ్ళి మోకరిస్తారు? అయితే ఉపాధ్యాయుడు విన్నదానికి అంతటి ముద్ర వేయలేము. పిల్లల మీద లైంగిక అత్యాచారం జరిగిందని తెలిస్తే అధికారులకు చెప్పితీరాలని 2012 నాటి పోక్సో చట్టం ఆదేశిస్తోంది. అటువంటప్పుడు మౌనమే పాపం. ఆ హద్దు ఉన్నదని తల్లికి ముందే చెప్పడం మర్యాద. ఆ హద్దుకు ఇవతల ఉన్న అప్పులు, తాగుడు, మొగుడూపెళ్ళాల తగవులు మాత్రం స్టాఫ్ రూములో టీ తోబాటు పంచుకునేవి కావు.

బిడ్డలకు తల్లిదండ్రులే మొట్టమొదటి గురువులని రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన విద్యా ప్రకటనలో చెప్పింది, ఉపాధ్యాయులు వారితో చేయి కలిపి పనిచేయాలన్నది. చట్టాలు కూడా మెల్లగా అటే నడిచాయి. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బెత్తాన్ని నిషేధించింది. ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు ఉండాలనీ, సభ్యుల్లో సగం స్త్రీలు ఉండాలనీ చెప్పింది. మన రాష్ట్రంలో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ పాఠశాలలన్నింటా ఒకేరోజు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశం జరిగింది. 2025 జూలై 10న మళ్ళీ జరిగింది. మంచిదే. బడి గేటు దాటడానికి జంకే తల్లికి ఆ ఒక్కరోజు ఆహ్వానం అందింది, కుర్చీ దొరికింది, అది చిన్న సంగతి కాదు. అయితే షామియానా కింద మైకు ముందు ఏ తల్లీ "మా ఆయన తాగుతాడండీ" అని చెప్పదు. ఆ మాటకు ఒక బెంచీ, ఒక పది నిమిషాలు, తలుపు దగ్గరగా వేసిన ఒక గది కావాలి. అవి ఏర్పాటు చేయడానికి ప్రభుత్వ ఉత్తర్వులు అక్కరలేదు.

ఇప్పుడు నోటు పుస్తకంలో చీటీలు పోయి ఫోనులో వాట్సాప్ గ్రూపులు వచ్చాయి. కొన్ని చోట్ల తరగతి మొత్తం మార్కులు ఆ గ్రూపులో పెడుతున్నారు. తక్కువ వచ్చినవాడి పేరు నలభై ఇళ్ళలో ఒక్కసారే చదువుతారు. నేను గుడి మెట్ల దగ్గర చేసినది నలుగురి ముందే. తల్లిదండ్రుల వైపు తప్పులు లేవా అంటే ఉన్నాయి. పిల్లవాడి ఎదుటే మాస్టారిని తీసిపారేసేవారున్నారు, మార్కు తగ్గితేనే బడి గుర్తొచ్చేవారున్నారు. వాళ్ళను గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు గనుక నేను వ్రాయను.

ఆ తల్లి నన్ను ఒక్కమాట కూడా అనలేదు. ప్రతి ఆదివారం గుడి దగ్గర చేతులు జోడించి, "బాగున్నారా మాస్టారూ" అని పలకరించేది. అబ్బాయి ఎలా ఉన్నాడమ్మా అంటే, "బాగానే చదువుకుంటున్నాడండి" అనేది. మళ్ళీ మా అరుగు దగ్గరికి రాలేదు. మూడేళ్ళ తరువాత, పదవ తరగతిలో ఉండగా, వాడు బడి మానేశాడు. ఆ సంగతి నాకు హాజరుపట్టీ చూస్తే తెలిసింది. అంతకు ముందు ఆదివారం కూడా ఆమెను అడిగాను. "బాగానే చదువుకుంటున్నాడండి" అన్నది.