కిరాయి ఇంట్లో గీజర్

కిరాయి ఇంట్లో గీజర్ ఖరాబైతే, ఎట్లా బాగుచేయించాలన్న మాట కంటే ముందు ఖర్చు ఎవరిదన్న మాట లేస్తుంది. ‘వాడుకుంటున్నది మీరే కదా’ అంటాడు ఓనర్. ‘వస్తువు మీదే కదా’ అంటారు కిరాయికున్నవాళ్లు. రెండూ నిజాలే. ఆ రెండు నిజాల నడుమ పది రోజులు చన్నీళ్ల స్నానాలతో గడిచిపోతాయి. హైదరాబాద్ అంచున ఉన్న తుక్కుగూడనే చూడండి. శ్రీశైలం రోడ్డు ఔటర్ రింగ్ రోడ్డును కలిసే చోట ఉన్న ఈ ఊరు 2018లో మున్సిపాలిటీ అయింది. అటు శంషాబాద్ విమానాశ్రయం, ఇటు రావిర్యాల వైపు ఫ్యాబ్ సిటీ, హార్డ్‌వేర్ పార్కు. ఇట్లాంటి చోట కొలువు కోసం వచ్చి పోర్షన్లలో ఉండేవాళ్లు ఎక్కువ. ధనుర్మాసపు చలిలో తెల్లవారకముందే షిఫ్టుకు బయల్దేరే మనిషికి బకెట్టెడు వేడినీళ్లు విలాసం కిందికి రావు.

వెనకటి ఇళ్లలో ఈ తగాదా లేదు. పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. నడుమ గొట్టంలో బొగ్గులో, చితుకులో వేసి అంటిస్తే చుట్టూ ఉన్న నీళ్లు కాగేవి. పైన చెంబెడు చన్నీళ్లు పోస్తే కుళాయిలోంచి అంతే వేడినీళ్లు దిగేవి. చెడిపోవడమంటే అతుకు దగ్గర కారడమే. వీధిలో మాట్లు వేసేవాడు వస్తే పిలిచి మాటు వేయించేవాళ్లు, అంతటితో సరి. ఇల్లు మారితే బాయిలర్ కూడా బండెక్కేది. గీజర్ అట్లా కాదు. గోడకు బిగించి ఉంటుంది గనుక ఇంటిలో భాగంలా కనిపిస్తుంది. అరిగేది మాత్రం వాడేవాళ్ల చేతిలో.

దాని పని సులువైనదే. 15 లీటర్ల తొట్టిలో 2000 వాట్ల కాయిల్ ఉంటే, 25 డిగ్రీల నీళ్లు 60 డిగ్రీలకు చేరడానికి సుమారు 18 నిమిషాలు పడుతుంది. అరగంట దాటినా గోరువెచ్చగానే ఉన్నాయంటే థర్మోస్టాట్ ముందే ఆపేస్తోందనో, కాయిల్ మీద పెచ్చు కట్టిందనో లెక్క. ఈ ప్రాంతం కింద ఉన్నది గ్రానైట్ రాయి. దాని పగుళ్లలోంచి ఊరే బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. వేడి తగలగానే బైకార్బనేటు విడిపోయి, కరగని కార్బనేటుగా మారి, అన్నిటికంటే వేడిగా ఉన్న కాయిల్‌నే పట్టుకుంటుంది. మెకానిక్ అడుగు మూత విప్పి కాయిల్‌ను బయటికి లాగినప్పుడు చూస్తే దాని వొంపులు కనబడవు, సున్నపు కడ్డీలా ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో తడితే బూడిదరంగు పెంకులు బకెట్లో టపటపా రాలతాయి. వాటి మీద రెండు చుక్కలు వెనిగర్ వేస్తే బుసబుస నురగ వస్తుంది. ఆ పెంకు వేడిని నీళ్లలోకి పోనివ్వదు. లోపల కాయిల్ తన వేడికి తానే మాడిపోతుంది.

అదే తొట్టిలో ఎవరూ చూడని మెగ్నీషియం కడ్డీ కూడా ఒకటుంటుంది. దాని పనల్లా అరిగిపోవడమే. తొట్టి ఇనుముకు పట్టాల్సిన తుప్పు ముందు దాన్ని తింటుంది. అది పూర్తిగా కరిగిపోయాక ఎవరూ మార్చకపోతే తొట్టికే చిల్లు పడుతుంది. త్యాగం గురించి ఇంతకంటే నిశ్శబ్దమైన పాఠం స్నానాల గదిలో దొరకదు.

ఇక ఖర్చు సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఓనర్ మీద బాధ్యత ఉన్న మరమ్మతును, తెలియజేసిన తర్వాత తగిన గడువులో అతను చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో పట్టుకోవచ్చు. ఇందులో కీలకం ‘బాధ్యత ఉన్న’ అన్న మాట. గీజర్ ఊసే లేని అగ్రిమెంటు పట్టుకుని ఇది అడగడం కష్టం. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం మరింత తేటగా చెప్పింది. పైపులు మార్చడం, వైరింగు బాగుచేయించడం ఓనర్ వంతు. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజర్ మరమ్మతు కిరాయిదారు వంతు. రెండు పక్షాలూ రాతపూర్వకంగా వేరే మాట అనుకుంటే వేరు. నమూనా గనుక రాష్ట్రం తనదిగా చట్టం చేసుకుంటేనే ఇది అమలవుతుంది. అయినా తగవు తీర్చడానికి కొలబద్దగా పనికొస్తుంది. కాయిల్, థర్మోస్టాట్ మార్చడం మరమ్మతు. ఏళ్ల తరబడి పనిచేసిన తొట్టి తుప్పుపట్టి కారితే అది ఆ వస్తువుకు ఆయుష్షు తీరడం. దాన్ని కొత్తగా కొనివ్వమని కిరాయిదారును అడగడం న్యాయం అనిపించుకోదు.

ఈ తేడాను ధర్మశాస్త్రాలు చాలా ముందే పట్టుకున్నాయి. నారదస్మృతిలో అద్దెకు ‘స్తోమం’ అని పేరు. అద్దెకు తెచ్చుకున్న పాత్ర పగిలినా పోయినా తెచ్చుకున్నవాడే భరించాలనీ, విపత్తు వల్ల పోతే అక్కర్లేదనీ అది చెబుతుంది. పరుల నేలలో అద్దె కడుతూ ఇల్లు కట్టుకున్నవాడు ఖాళీ చేసేటప్పుడు తన కప్పు గడ్డి, కర్ర, ఇటుక తీసుకుపోవచ్చని కూడా అక్కడే ఉంది. అంటే ఫ్యాన్లు విప్పుకుపోయే హక్కు మీద తగాదా కొత్తదేమీ కాదు. దాచమని ఇచ్చిన సొమ్మును దొంగలు ఎత్తుకుపోతే, నీళ్లలో కొట్టుకుపోతే, నిప్పులో కాలిపోతే దాచినవాడు ఇచ్చుకోనక్కర్లేదనీ, అందులోంచి తాను వాడుకుని ఉంటే ఆ మినహాయింపు లేదనీ మనువు అన్నాడు. చెయ్యి ఎంత పడింది, కాలం ఎంత తిన్నది అని విడదీసి చూడడమే ఈ మాటలన్నిటిలోనూ ఉన్న లెక్క.

లెక్క తేలినా మనసు తేలదు. కిరాయి ఇంట్లో ఉండేవాళ్ల నోట తరచుగా వచ్చే మాట ‘మనది కాదు కదా’. వేదాంతం చదివినవాళ్లూ ఇదే మాట అంటారు. పైకి ఒకేలా వినిపించే ఈ రెండు మాటలకూ చుక్కెదురు. సేఫ్టీ వాల్వు చుక్క చుక్కగా కారుతుంటే చిరాకుపడి పుల్ల దోపేసేవాడిది మొదటి రకం. కాగేటప్పుడు నీళ్లు వ్యాకోచించి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి పోవడానికి పెట్టిన దారి అది. పుల్ల దోపితే తొట్టే పగలవచ్చు. భగవద్గీత పన్నెండో అధ్యాయం ప్రియభక్తుడి లక్షణాలు చెబుతూ మమకారం లేనితనాన్ని ఒంటరిగా వదలదు. మైత్రినీ కరుణనూ అదే శ్లోకంలో దాని ముందు నిలబెట్టింది. నాది అనుకోకుండానే ఒక వస్తువును జాగ్రత్తగా చూసేవాడికే నిర్మముడన్న పేరు నప్పుతుంది. పట్టించుకోనివాడు ఆ పేరును అప్పు తెచ్చుకుంటున్నాడంతే.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరవై నలుగురు గురువుల్లో పామును కూడా లెక్కపెట్టాడు. అది ఇల్లు కట్టే శ్రమ పెట్టుకోదు, పరులు కట్టిన దాంట్లో హాయిగా ఉంటుంది. సుమతీ శతకకారుడు చీమల పుట్టనూ అదే పామునూ తీసుకుని వేరే నీతి చెప్పాడు: కూడబెట్టింది చివరికి ఎవరి పాలవుతుందో చూసుకోమని. ఒకే పుట్ట కిరాయిదారుకు ఒక తీరుగా, ఓనర్‌కు మరో తీరుగా కనిపిస్తుందన్నమాట. అవధూత మాత్రం పాము పుట్టను పాడుచేస్తుందని ఎక్కడా అనలేదు.

బాగయ్యేదాకా గడవాలి. పరాశరస్మృతి ఐదు స్నానాలు చెప్పింది. విభూతితో ఆగ్నేయం, నీట మునిగితే వారుణం, ఆపోహిష్ఠాది మంత్రాలతో బ్రాహ్మం, గోధూళితో వాయవ్యం, ఎండ కాస్తుండగా కురిసే వానలో దివ్యం. గీజర్ పాడైందని విభూతి స్నానంతో సరిపెట్టుకునేవాళ్లను స్మృతి వెనకేసుకొస్తుందో లేదో అనుమానమే. వేడినీళ్లు ఒంటికి బలమనీ, తలమీద పోస్తే కళ్లకూ జుట్టుకూ చెరుపనీ అష్టాంగహృదయం అంటుంది. కాబట్టి ఒక డేక్సా నీళ్లు పొయ్యి మీద కాచి, మెడ దిగువకు సరిపెట్టుకుంటే సగం చిక్కు తీరుతుంది. మరిగే డేక్సాను పిల్లలు తిరిగే నడవలోంచి మోయకుండా బకెట్‌ను వంటింట్లోకే తెచ్చుకోవడం మేలు. హీటర్ రాడ్ వాడేవాళ్లు ప్లగ్గు పీకిన తర్వాతే నీళ్లలో వేలు పెట్టాలి. ఇనుప బకెట్ అసలు వద్దు. గీజర్‌తోనూ జాగ్రత్త కావాలి. 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తు ఉండాలి. కుళాయి ముట్టుకుంటే చురుక్కుమంటే ఆ క్షణమే మెయిన్ ఆపాలి. అప్పుడు ఖర్చు ఎవరిదన్న చర్చ రేపటికి వాయిదా.

ఓనర్‌కు చెప్పే తీరు కూడా పనిలో భాగమే. చెడిన రోజే ఫోన్ చేసి, ఫొటో పంపి, మెకానిక్ చెప్పిన ధర ముందే తెలియజేస్తే చాలా తగవులు పుట్టకముందే పోతాయి. తీసేసిన కాయిల్‌ను పారేయకుండా చూపించాలి. ఓనర్ వైపు నుంచి, ఇల్లు కిరాయికి ఇచ్చిన రోజున గీజర్ వయసెంతో చెప్పడం, అడ్వాన్సులో కోతను ఖాళీ చేసే రోజుకు దాచిపెట్టకుండా ఉండడం అంతే అవసరం.

ఖాళీ చేసేనాడు సామాను బండికెత్తాక స్విచ్చు ఆపి, తొట్టిలో నీళ్లు దింపి, తాళం చేతికిస్తారు. కొందరు ఒక చిన్న చీటీ మీద పెచ్చు ఎప్పుడు తీయించిందీ, కాయిల్ ఎప్పుడు మార్చిందీ, మెగ్నీషియం కడ్డీ ఇంకా ఎంత మిగిలి ఉన్నదీ రాసి గీజర్ పక్కన అంటించి పోతారు. ఆ చీటీ మీద తేదీలుంటాయి, పేరు ఉండదు.