తీరంలో తీరిక: వేదనకూ తృష్ణకూ నడుమ

తీరికగా గడిపిన ఒక దినానికి ఆధ్యాత్మికంగా విలువ ఉందా, లేక అది కర్తవ్యాల నడుమ దొరికే విరామం మాత్రమేనా అన్న ప్రశ్న మన శాస్త్రగ్రంథాలలో నేరుగా చర్చకు వచ్చింది తక్కువ. భారతీయ దర్శనాలు కర్మను గురించీ, కర్మ నుండి నివృత్తిని గురించీ విస్తారంగా విచారించాయి గాని, అటు సన్న్యాసమూ ఇటు వృత్తిధర్మమూ కాని వ్యవధిని, అంటే గృహస్థుడు ఏ పనీ పెట్టుకోకుండా ఊరు చూస్తూ తిరిగే పూటను, ప్రత్యేకంగా ఎంచలేదు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ మనిషి శ్రమించేది తీరిక కోసమేనని తన నీతిశాస్త్రం చివరి భాగంలో చెప్పాడు. అయితే ఆయన దృష్టిలో ఆ తీరిక తత్త్వచింతనకే తప్ప అంగళ్ల వెంట తిరగడానికి ఉద్దేశించినది కాదు.

విశాఖపట్నం వంటి ఉష్ణమండల రేవు నగరంలో ఈ ప్రశ్నకు మరింత పదును వస్తుంది. పొద్దున రామకృష్ణా బీచ్‌లో, ఎండ ముదిరాక జగదాంబ సెంటర్ దుకాణాల్లోనూ పూర్ణా మార్కెట్‌లోనూ, చల్లబడ్డాక రుషికొండ తీరాన కాలం గడిపే మనిషి, కొనడానికి వీలులేని సముద్రాన్నీ, కొనమని పిలిచే సరుకునూ ఒకే కళ్లతో చూస్తాడు. సౌందర్యం వల్ల కలిగే ఆనందం నిరపేక్షమైనదని, అంటే చూసిన వస్తువు తనకు దక్కాలన్న కోరికతో ప్రమేయం లేనిదని, జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1790లో ప్రతిపాదించాడు. ఆ కొలత ప్రకారం కెరటాలను చూసే చూపు ఉత్తమం, చీరల దుకాణం అద్దంలోకి తొంగిచూసే చూపు అధమం అవుతాయి. ఈ తీర్పు తొందరపాటుదే. సముద్రాన్ని ఎవరూ ఇంటికి పట్టుకుపోలేరు గనుక దాని ముందు నిరపేక్షంగా నిలబడడంలో సాధన ఏమీ లేదు. పైగా పెద జాలరిపేటలో బతికే మత్స్యకారుడికి అదే సముద్రం ఆ రోజు కూడు, వల, పడవ మీద తెచ్చిన అప్పు అన్నీ కలిసిన విషయం. అపేక్ష లేని చూపు చాలావరకు అవసరం లేని వాడి సౌకర్యమని గుర్తించకుండా దానిని గుణంగా లెక్కించడం న్యాయం కాదు.

వైరాగ్యానికి నిజమైన పరీక్ష అంగడిలోనే జరుగుతుంది. దుఃఖం ఎలా పుడుతుందో వివరించే ప్రతీత్యసముత్పాదంలో, అంటే ఒకదానిని ఆధారం చేసుకుని మరొకటి కలుగుతుందని చెప్పే పన్నెండు అంగాల బౌద్ధ సిద్ధాంతంలో, ఇంద్రియానికి వస్తువుతో కలిగే స్పర్శ నుండి వేదన, వేదన నుండి తృష్ణ, తృష్ణ నుండి ఉపాదానం పుడతాయి. ఇక్కడ వేదన అంటే సుఖమో దుఃఖమో ఏదీ కాని స్థితో అయిన అనుభూతి. ఉపాదానం అంటే పట్టు విడవకపోవడం. స్పర్శనూ వేదననూ బతికి ఉన్నవాడెవడూ తప్పించుకోలేడు గనుక, సాధకుడు జోక్యం చేసుకోగలిగిన చోటు వేదనకూ తృష్ణకూ నడుమనే ఉంది. వ్యాపారకళ ఆ ఎడాన్ని కుదించడానికి శ్రమిస్తుంది: దీపాలు, తగ్గింపు ధరలు, ఈ రోజే ఆఖరన్న హెచ్చరిక, వాయిదాల పద్ధతి అన్నీ చూపుకూ చెల్లింపుకూ మధ్య ఆలోచన దూరకుండా చేసే ఏర్పాట్లే. తీరిక ఉన్నవాడు చూసిన దానిని అక్కడే వదిలి మరో వీధికి వెళ్లి, కావలసి వస్తే తిరిగి రాగలడు గనుక ఆ ఎడం విశాలమవుతుంది. తీరిక విలువ ప్రధానంగా ఇందులోనే ఉంది.

అయితే ఏమీ కొనకుండా ఇల్లు చేరినంత మాత్రాన విముక్తి కలిగిందనుకోవడం పొరపాటు. కర్మేంద్రియాలను బిగబట్టుకుని మనసులో విషయాలను, అంటే ఇంద్రియభోగ్యమైన వస్తువులను, తలచుకుంటూ కూర్చునే వాడిని భగవద్గీత మూడవ అధ్యాయం మిథ్యాచారుడని, అంటే కపట వర్తనుడని, పేర్కొంటుంది. జేబులో డబ్బు లేక వెనుదిరిగిన వాడి సంయమాన్ని వైరాగ్యం అనడానికి వీలులేదు. నచ్చిన ఏటికొప్పాక లక్కబొమ్మను వెల చెల్లించి తీసుకుని, అక్కడితో దాని ధ్యాస మరచినవాడు అతని కంటే తృష్ణకు దూరంగా ఉండవచ్చు.

నగరం నుండి భీమిలికి వెళ్లే తీరపు దారిలో ఉన్న తొట్లకొండ ఈ చర్చకు మరో ముఖాన్ని చూపుతుంది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు పొందిన ఆ కొండ మీద, సముద్రం కనబడే చోట, సుమారు రెండు వేల ఏళ్ల నాడు బౌద్ధ భిక్షువులు నివసించారు. 1988 నుండి జరిగిన తవ్వకాల్లో అక్కడ స్తూపాలు, విహారపు గదులతో పాటు శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. తృష్ణను త్యజించమని బోధించిన సంఘం వర్తకుల దానంతో పోషణ పొందిందని, ఆ దానానికి మూలమైన లాభం ఎవరెవరి కోరికల నుండో వచ్చిందని ఒప్పుకోవడం బౌద్ధానికి చిన్నతనం కాదు. నగరవాసులందరూ ఒక్కసారిగా నిష్కాములైతే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో బొమ్మల కోసం అంకుడు కర్రను చెక్కే పనివాడి కుటుంబం ఏమవుతుందన్నదీ దీనికి సంబంధించిన ప్రశ్నే.

బహుశా ఇందువల్లనే పాలి సుత్తాలు, అంటే బుద్ధుడి ఉపదేశాలుగా పాలి భాషలో నిలిచిన పాఠాలు, గృహస్థుడికి భిక్షువు కొలతను వర్తింపజేయలేదు. సంఘానికి జేతవన విహారాన్ని దానమిచ్చిన వర్తకుడు అనాథపిండికుడితో బుద్ధుడు గృహస్థు పొందదగిన సుఖాలు నాలుగని చెప్పినట్లు ఆ సుత్తాల సంకలనాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో ఉంది: ధర్మంగా ఆర్జించిన సొత్తు ఉండడం, దానిని అనుభవించడమూ దానం చేయడమూ, ఎవరికీ రుణపడి ఉండకపోవడం, నిందకు తావులేని నడవడి. భోగం ఆ జాబితాలో చోటు సంపాదించుకుంది గాని, మొదటి మూడూ కలిసినా నాలుగవ దానిలో పదహారో వంతుకు సరితూగవని అదే సుత్తం అంటుంది. ఈ కొలతతో చూస్తే, బీచ్‌లోనూ బజారులోనూ గడిచిన దినాన్ని పరీక్షించవలసినది ఎన్ని వస్తువులు కొన్నారన్న లెక్కతో కాదు. ఆ సొమ్ము ఎలా వచ్చింది, అప్పు చేసి తెచ్చినదా, బేరంలో అవతలివాడి కూలి ఎంత కోత పడింది అన్న విచారణతోనే.