తీతువు కూత

వేసవి వచ్చినదనగా షోలాపురములో ఎండ నలువది డిగ్రీలను దాటును. సాఖర్ పేట, భద్రావతి పేట వంటి మన సాలెవాడలలో రాత్రి కాగానే పిల్లలు పెద్దలు మిద్దెలెక్కి పండుకొందురు. పగలెల్ల చెవులను నింపిన మగ్గముల చప్పుడు అణగిన పిదప, అంతవరకు వినరాని జీవుల గొంతులు ఒక్కొక్కటిగా వినవచ్చును. అవి ఎవరి గొంతులు? ఈ ప్రశ్న పిల్లల వేడుకకు మాత్రమే సంబంధించినది కాదనియు, ఇందు ధర్మాధర్మ విచారణ గూడ కలదనియు మా అభిప్రాయము.

గోడసందున ఎడతెగక మ్రోగునది కీచురాయి. అది నోటితో అరవదు. మగపురుగు తన ముందు రెక్కలను ఒకదానితో నొకటి రాచి ఆడుపురుగును పిలుచును. వేడి హెచ్చినకొలది మ్రోత వడియు హెచ్చును. ఆ మ్రోతలను లెక్కించి గాలి వేడిమిని చెప్పవచ్చునని అమెరికా శాస్త్రజ్ఞుడు డాల్బేరు 1897లో సూత్రము వ్రాసెను. దూలము మీద టక్కు టక్కు మనునది బల్లి. చెట్టుతొర్రలో కీచులాడునవి మరాఠీవారు పింగళా యనెడి చిన్న గుడ్లగూబలు.

వీటన్నిటికంటె మనవారిని భయపెట్టునది తీతువు. మన పెద్దలు తెలంగాణము నుండి నేతపనితో పాటు శకునములను గూడ మూటగట్టి తెచ్చిరి. తీతువు రాత్రివేళ ఇంటిమీదుగా కూసినచో చావు తప్పదని నమ్మిక. దానిని టిటవీ యని పిలుచు మరాఠీ ఇరుగుపొరుగు వారికిని ఆ భయమే.

సుమారు నలువది ఏండ్ల క్రిందట మా లోగిలిలో ఒక వృద్ధ నేతగాడు మంచము పట్టెను. ఆ రోజులలోనే భర్తను పోగొట్టుకొన్న యొక యువతి, బీడీలు చుట్టి బ్రదుకుచు, అచ్చట చిన్న గది అద్దెకు పుచ్చుకొనెను. వరుసగా ఐదారు రాత్రులు తీతువు కూసెను. "ఆమె కాలు పెట్టిన నాటినుండియే కదా" యని ఒకరనిరి, పదిమంది తలయూచిరి. మేమప్పుడు గుమాస్తా పనిలో నుంటిమి. రసీదు లేనిదే పద్దు వ్రాయమని పగలెల్ల పట్టుబట్టు మేము, ఆ మాటకు ఋజువేదని రాత్రి అడుగలేదు. నెల తిరుగకమునుపే ఆమె గది ఖాళీచేసి వెడలిపోయెను.

ఆమె పోయినను కూత ఆగలేదు. ఒకనాటి రాత్రి టార్చి తీసికొని వెనుకనున్న బయలులోనికి పోయి చూడగా, గులకరాళ్ల నడుమ రాళ్లవలెనే మచ్చలు గల నాలుగు గ్రుడ్లుండెను. కుక్క యొకటి అటు వచ్చినపుడెల్ల పక్షి పైకెగిరి అరచుచుండెను. తీతువు చెట్టున గూడు కట్టదు. వట్టి నేలమీదనే గ్రుడ్లు పెట్టును. మండుటెండలో కడుపు ఈకలను నీట తడుపుకొని వచ్చి వాటిని చల్లబరచును. పంచతంత్రములో గ్రుడ్లకై సముద్రముతోనే తగవుపడిన టిట్టిభము ఈ జాతిదే. మేము మృత్యువు పిలుపనుకొన్నది బిడ్డలను కాచుకొను పక్షి కేక! వృద్ధుడు ఆ వేసవి దాటి మరి కొన్ని ఏండ్లు జీవించెను. గ్రుడ్లను చూచి తమ భయమునకు తామే నవ్వుకొన్నవారు పెక్కుమంది. ఆమెను వెదకి పిలుచుకొని వచ్చినవారు లేరు. మేమును పోలేదు.

పెద్దల మాటను త్రోసివేయరాదని కొందరందురు. తీతువు కూసినచో చీకటిలో ఏదో కదలినదని గ్రహించుట అనుభవజ్ఞానమే. అంతవరకు పెద్దల మాట నిజము. కదలినదేదో చూడక ఒక మనిషిపై నేరము మోపుట మన చేత. తెలియకపోవుట దోషము కాదు, భయపడుటయు దోషము కాదు. మన భయమునకు దిక్కులేనివారిని బాధ్యులుగా జేయుట దోషము. ఋజువు లేదని యెరిగియు ఊరకుండుట అంతకు మించిన దోషము, అది మాది.

ఇప్పుడు మా మనుమలు మిద్దెమీద ఆ కూత విని, "తాతా, అదేమి?" యని అడుగుదురు. టార్చి చేతికిచ్చి, "పోయి దూరము నుండియే చూచి రండి, గ్రుడ్లు త్రొక్కకుడు" అని చెప్పుచున్నాము.