వండినవాళ్ల ఆకలి

రాత్రి వంటిల్లు సర్దేసి, పాలు తోడుపెట్టి, పొద్దుటికి మినప్పప్పు నానబోసి, "హమ్మయ్య" అనుకుంటూ లాప్‌టాప్ ముందు కూర్చుంటాను. ఆ గంటా నాది. ఆ వేళకి కొందరు సీరియల్ చూస్తారు, కొందరు విష్ణుసహస్రనామం చదువుకుంటారు. నేను వీడియో గేమ్ ఆడతాను. నవ్వకండి. నలభయ్యో పడిలో పడబోయే ఇల్లాలికి ఇదేం సరదా అని మా అమలాపురంలో నవ్వాల్సినవాళ్లంతా ఇదివరకే నవ్వేశారు.

ఆడటమే కాదు, చిన్న చిన్న ఆటలు తయారు చేస్తాను కూడా. ఉద్యోగం కాదు, దమ్మిడీ రాదు. కొందరు ఊలు అల్లుకుంటారు, కొందరు మిద్దెమీద కుండీల్లో వంగమొక్కలు పెంచుకుంటారు. నాకు ఇది.

అలాంటిదాన్ని, కొన్ని నెలలుగా ఆట తెరిచిన పది నిమిషాలకే టక్కున మూసేస్తున్నాను. మొన్న మా వారు పేపర్లోంచి తలెత్తి, "ఏం, కరెంటు పోయిందా?" అన్నారు.

"కరెంటు ఉందండీ. నాకే పోయింది" అన్నాను.

ఏం పోయిందో, ఎక్కడ పోయిందో వెతుక్కోవడమే ఈ నాలుగు మాటలూ.

నాకు ఇష్టమైనవి రోల్ ప్లేయింగ్ గేములు. అంటే మరేం లేదు, వేషం కట్టే ఆటలు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అని కాగితాలూ పాచికలూ పెట్టుకుని ఆడే ఆట ఒకటి తెచ్చారు. ఒకరు కథ చెబుతూంటే, తక్కినవాళ్లు తలో వేషమూ వేసుకుని, "నేను తలుపు తోస్తాను", "నేను కత్తి దూస్తాను" అంటారు. తోసిన తలుపు తెరుచుకుందో లేదో పాచిక చెబుతుంది. 1986లో జపానులో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్' లాంటివి ఈ పద్ధతినే టీవీ తెరమీదికి తెచ్చాయి. ఇప్పుడు వచ్చేవాటిలో కొండలూ, నదులూ, ఊళ్లూ, ఊరి నిండా మాట్లాడే మనుషులూ! చూడ్డానికి రెండు కళ్లూ చాలవు.

నాకు ఆటల పిచ్చి పట్టింది మాత్రం కరెంటు లేనప్పుడు. 1996 నవంబరు 6న తుఫాను వచ్చింది చూడండి, అప్పుడు నాకు పదేళ్లు. రాజోలు దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నాం. తెల్లారి చూస్తే దొడ్లో కొబ్బరిచెట్లు జుట్టు విరబోసుకుని నేలమీద పడి ఉన్నాయి. దీపావళి నాలుగు రోజులుందనగా ఊరంతా చీకటి. ఆ చీకట్లో లాంతరు పెట్టి, వైకుంఠపాళి పటం పరిచి, అమ్మమ్మ మా చేత గవ్వలు వేయించింది. పెద్ద పాము మింగితే ఏడ్చేవాళ్లం. నిచ్చెన ఎక్కితే ఎగిరేవాళ్లం. బయట ఏం పోయిందో పెద్దవాళ్లకి తెలుసు. మాకు మాత్రం ఆ పటం మీదే స్వర్గం, ఆ పటం మీదే నరకం.

ఆ తరవాత చదువు, పెళ్లి, పిల్ల. 2020లో అందరూ ఇళ్లలో కూర్చున్నప్పుడు 'గోడో' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకుని ఆటలు చెయ్యడం నేర్చుకున్నాను. మొదటిరోజు నేను గీసిన పుల్లబొమ్మ తెరమీద ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. మా అమ్మాయి మొదటి అడుగులు వేసినప్పుడు ఎంత సంబరపడ్డానో అంత సంబరపడ్డాను. ఈ మాట అమ్మాయితో అనకండేం.

అదిగో, అక్కడే వచ్చింది తంటా. చెయ్యడం తెలిశాక చూడటం మారిపోయింది.

ఆట మొదట్లో ఎలుక ఎదురవుతుంది. దాని ప్రాణం 10. మన కత్తి దెబ్బ 5. రెండు దెబ్బలకి చస్తుంది. అరవై గంటలు ఆడాక మహారాక్షసుడు ఎదురవుతాడు. వాడి ప్రాణం 10,000. మన దెబ్బ ఇప్పుడు 5,000. వాడూ రెండు దెబ్బలకే! మధ్యలో మనం పొందిన వీరత్వం ఏమిటయ్యా అంటే, మూడు సున్నాలు. మా వారికి జీతం పెరిగిన ప్రతిసారీ నూనె ధరా పెరుగుతుంది చూశారూ, అచ్చం అలాగే. 2006లో వచ్చిన 'ఆబ్లివియన్' అనే ఆటలో ఈ లెక్క ఇంకా బాహాటం. హీరో బలపడిన కొద్దీ చుట్టుపక్కల శత్రువులూ బలపడుతూ వస్తారు.

పెట్టె తెరిస్తే మెరిసే కత్తి వస్తుంది. నాకు కత్తి కనబడదు, దాని వెనక లాటరీ చీటీల డబ్బా కనబడుతుంది. ఊళ్లో ముసలాయన, "నాయనా, ఈ మందు పక్క ఊరి వైద్యుడికి ఇచ్చి రా" అంటాడు. పొద్దున్నించీ గ్యాసు బుక్ చేసి, ఇస్త్రీ బట్టలు లెక్కచూసి, అమ్మాయి ఫీజు కట్టి, అత్తగారి మాత్రలు తెచ్చిన మనిషిని నేను. రాత్రి పదింటికి ఇంకో ముసలాయనకి మందులు మొయ్యాలా? అదీ నాలుగు వేల రూపాయలిచ్చి కొనుక్కుని!

వండినవాళ్లకి ఆకలుండదు అంటాం కదా, నాకూ అదే పట్టిందేమో అనుకున్నాను. పొయ్యి దగ్గర నిలబడ్డదాన్ని, పోపు వాసన పీల్చినదాన్ని, విస్తరి ముందు కూర్చుంటే ముద్ద దిగదు. తెలుసుకోవడం వల్ల రుచి చచ్చిపోతుందా? అదే నిజమైతే ఎంత అన్యాయం! ఇష్టపడితే తెలుసుకోవాలనిపిస్తుంది, తెలుసుకుంటే ఇష్టం పోతుంది. ఇక మనిషి దేన్నయినా ఇష్టపడటం ఎందుకు?

ఈ బెంగతోనే మొన్న కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాను. ఏకాదశ రుద్రులు పదకొండు ఊళ్ల నుంచీ భుజాలమీద వస్తారు. చేలకి అడ్డం పడి, కౌశికలో దిగి, "శరభా!" అని అరుస్తూ ప్రభని మోసుకొచ్చే కుర్రాళ్లని చూస్తూ నిలబడ్డాను. ఆ ప్రభలో ఏముందో వాళ్లకి తెలియదా? వెదుళ్లు నరికిందీ, బద్దలు చీల్చిందీ, గుడ్డలు చుట్టిందీ, ముడులు వేసిందీ వాళ్లే. ఏ ముడి ఎక్కడ వదులుగా ఉందో కూడా వాళ్లకే తెలుసు. గట్టున నిలబడ్డ నాకంటే వాళ్ల ఒళ్లే ఎక్కువ పులకరించింది. తెలిసినంత మాత్రాన దేవుడు వెదురుబద్ద అయిపోలేదు.

తిరుగుదారిలో కొత్తపేటలో మా మేనత్తని చూశాను. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు మా బంధువుల్లో ఏ ఇంట పెళ్లయినా పిండివంటలకి ఆవిడ చెయ్యి పడాల్సిందే. పందిట్లో అందరూ తిన్నాక ఆవిడ మజ్జిగన్నం తిని లేచిపోయేది. నా గోడు చెప్పి, "నీకూ రుచి పోయేదా అత్తయ్యా?" అన్నాను.

అత్తయ్య నవ్వింది. "పొగకి చచ్చేది ఆకలేగానీ రుచి కాదే అమ్మాయ్. నా వంట నేను తినలేకపోయేదాన్ని, నిజమే. ఇంకొకరింట్లో గుత్తివంకాయ కుదిరిందనుకో, వాళ్లకంటే నాకే ఎక్కువ తెలిసేది. ఆవిడ మసాలా ఎంతసేపు వేయించిందో నాలిక చెప్పేస్తుంది. చెడిపోయిందనుకో, అదీ నాకే ముందు తెలిసేది."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి, నాకు ఈ పదేళ్లలో బాగా నచ్చిన ఆట ఏదని ఆలోచించాను. 2015లో టోబీ ఫాక్స్ అనే ఆయన దాదాపు ఒంటిచేత్తో చేసిన 'అండర్‌టేల్'. బొమ్మలు చూస్తే మా అమ్మాయి చిన్నప్పుడు గీసినట్టుంటాయి. లోపలి లెక్కలు నాకు చాలావరకు తెలిసినవే. అయినా ఆ ఆటలో ఒక చోట బటన్ మీద వేలు పెట్టి నొక్కలేక కూర్చుండిపోయాను. అందులో ఎదురొచ్చినవాణ్ణి చంపక్కర్లేదు, మాట్లాడి పంపెయ్యొచ్చు. చంపితే మాత్రం అన్ని ఆటల్లోలాగే ఒక అంకె పెరుగుతుంది. అది 'అనుభవం' అనుకుంటూ ఆడతాం. ఆఖర్న తెలుస్తుంది, ఆ అంకె మనం తీసిన ప్రాణాల లెక్క అని. మిగతా ఆటలు దేన్ని దాచిపెట్టాయో దాన్నే ఈయన విస్తట్లో వడ్డించాడు. తెలిసినదాన్ని గనకనే నాకు అంత గట్టిగా తగిలింది. కాబట్టి తెలివి హంతకి కాదు. ఆ నేరం కొట్టేశాను.

మరి వయసా? పాతవన్నీ బంగారం, కొత్తవన్నీ ఇత్తడి అనే జబ్బా? ఏమాటకామాటే చెప్పుకోవాలి. పాతవాటిలోనూ అవే జీవుల్ని గంటల తరబడి చంపితేగాని ముందుకి కదలనిచ్చేవి కావు. అంతెందుకు, వైకుంఠపాళిలో ఏముంది? తెలివి లేదు, ఎత్తు లేదు, అంతా గవ్వల దయ. ఈనాటి ఆటలు దానికంటే వెయ్యింతలు నయం. అయినా ఆ లాంతరు వెలుతురు మరిచిపోలేను. ఎందుకంటే అది అయిపోయేది. నూనె తగ్గగానే అమ్మమ్మ పటం చుట్టేసి అటకమీద పెట్టేది. ఆ పటానికి రేపు మాతో పనిలేదు. ఇప్పటి ఆటలు కొన్నింటికి రేపు కూడా మనం కావాలి. రోజూ వస్తే రోజుకో బహుమానం, ఒక్కరోజు మానేస్తే మొదటికి! కొన్నింటిలో ఆ లాటరీ చీటీలు డబ్బిచ్చి కొనుక్కోవాలి. అన్నీ అలాంటివే అనను. చక్కగా కథ చెప్పి, ముగించి, నమస్కారం పెట్టేవీ వస్తున్నాయి. నా నాలిక చేదెక్కి వాటినీ పక్కన పెట్టేశానేమో, అది నా తప్పే.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు కథ తరవాత జరిగింది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఒకరోజు, "అమ్మా, చూడు!" అని ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మూడు వారాలుగా ఎదురుచూస్తున్న కత్తి వచ్చిందట. మొహం మతాబాలా వెలిగిపోతోంది. నేను చూసి, "ఓస్, అదా! వందలో ఒకసారి వచ్చేలా పెడతారు. అప్పటికీ రాకపోతే తొంభయ్యోసారి వాళ్లే ఇచ్చేస్తారు, లేకపోతే నువ్వు మానేస్తావని" అన్నాను.

మతాబా ఆరిపోయింది. "ఓహో" అని వెళ్లిపోయింది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. నేను చెప్పింది అబద్ధం కాదే! పిల్లకి నిజం చెప్పడం తల్లి ధర్మం కాదూ? కానీ ఎంత సర్దిచెప్పుకున్నా ముల్లు కదల్లేదు. చివరికి ఒప్పుకున్నాను. సగం ధర్మం, సగం అసూయ. నేను పోగొట్టుకున్నది దాని మొహంలో కనిపించింది. ఓర్చుకోలేకపోయాను. నిజమే చెప్పాను గానీ, నిజం కోసం చెప్పలేదు. అత్తయ్య ఏ పెళ్లిలోనైనా బంతి మధ్యకి వచ్చి, "ఈ లడ్డూలో నా చెమట ఉంది సుమండీ" అందా? నూనె చెడిపోతే మాత్రం ఎవరు తింటున్నా సరే లేపేసేది. పిల్ల నిద్రకో, చదువుకో, డబ్బుకో చేటు వస్తే వెంటనే చెప్పాలి. లేకపోతే అడిగేదాకా ఆగాలి. ఈ రెంటికీ తేడా తెలియడానికి నాకిన్నేళ్లు పట్టింది.

మూడు రోజులకి అదే వచ్చి అడిగింది: "అమ్మా, వందలో ఒకటి అని ఎలా పెడతారు?"

పక్కన కూర్చోబెట్టుకుని, నేను మూడేళ్లుగా చేస్తున్న ఆట తెరిచాను. సఖినేటిపల్లి రేవులో చివరి పంటు. చీకటి పడేలోగా నరసాపురం చేరాలి. ఎక్కాల్సినవాళ్లు ఎక్కువ, చోటు తక్కువ. ఎవర్ని ఎక్కించుకుంటారు అన్నదే ఆట. లోపలి లెక్కలు చూపిస్తూంటే, అమ్మాయి ఒక వరస మీద వేలు పెట్టింది.

"ఇదేంటమ్మా? రోజూ ఆడితే కొత్త తెడ్డు. ఇక్కడా లాటరీయే కదా?"

నా నోట మాట రాలేదు. ఎప్పుడు పెట్టానో! అందరూ పెడుతున్నారు కదా అని పెట్టి ఉంటాను. పైగా, ఒకే దారి పదిసార్లు తిప్పి, నలభై నిమిషాల కథని పన్నెండు గంటలు చేశాను. కొనేవాళ్లు లేని ఆటకి ఇన్ని గంటలు ఎవరికోసమో! నేను తినలేక లేచిపోయిన వంటే నా పొయ్యిమీదా ఉడుకుతోంది. ఇన్నాళ్లూ ఆకలి పోయిందని ఏడ్చానుగానీ, అది పోలేదు. ఇదెలా తింటావని నన్నే అడుగుతోంది.

అత్తయ్యకి ఫోన్ చేసి చెబితే, ఆట సంగతి ఆవిడకి అర్థమైందో లేదో గానీ, "నోట పెట్టుకోలేనిది విస్తట్లో వెయ్యకూడదే" అంది. ఆవిడ మాట వంట గురించే. నాకు మాత్రం అంతకంటే పెద్ద నీతిశాస్త్రం అక్కర్లేకపోయింది. ఆలోచిస్తే ఇది ఆటలకే కాదు. మనం చదివించలేని కథ పిల్లలకి చెబుతున్నామా? మనం నమ్మని మాట కోడలికి నూరిపోస్తున్నామా? మనకి రుచించక మానేసిన ఆచారం ఇంకొకరి విస్తట్లో వడ్డిస్తున్నామా?

తెడ్డు తీసేశాను. లాటరీ తీసేశాను. తిప్పిన దారులు తీసేశాను. మూడేళ్ల కష్టం చాలా మటుకు పోయింది. మనసు చివుక్కుమంది, కాదనను. ఇప్పుడు ఆట నలభై నిమిషాలే. పంటు ఆవలి ఒడ్డుకి చేరుతుంది, దీపాలు కనబడతాయి, అయిపోతుంది.

ఆ పెద్ద పెద్ద ఆటల మీద మోజు తిరిగి రాలేదు. వస్తుందని కూర్చోను కూడా. పోయిన ఇష్టాలన్నీ నష్టాలు కావు. ఏది పోయినా, పోతూ పోతూ ఏం చెప్పి పోయిందో ఓసారి వినాలి, అంతే.

పోయిన ఆదివారం అమ్మాయి ఆ ఆట మొదటినించీ చివరిదాకా ఆడింది. మధ్యలో ఒక ముసలమ్మని ఒడ్డునే వదిలెయ్యాల్సి వచ్చి కాసేపు మాట్లాడలేదు. నేను గుమ్మం చాటునించి చూస్తున్నాను. పంటు ఒడ్డు చేరింది. లాప్‌టాప్ తనే మూసేసింది. ఒక నిమిషం అలాగే కూర్చుని, తరవాత తలెత్తి,

"అమ్మా, టిఫినేంటి?" అంది.

నా ఆటకి ఇంతకంటే మంచి మెప్పు ఇంకెవరూ ఇవ్వక్కర్లేదు. పెసరట్టు వేశాను. ఆ పూట దానితోపాటు నేనూ రెండు తిన్నాను.