ఒంటరి నడక

పనియు తోడును లేక, ఒక దినమంతయు ఊళ్లు చూచుచు నడచుట కాలమును వ్యర్థపరచుటయేనా? త్రోయలో తోడివారందరు ఓడ యెక్కగా, పౌలు అస్సువరకు కాలినడకనే వెళ్లెను (అపొ. కార్య. 20:13). ఎందుకో లూకా వ్రాయలేదు. వ్రాయకుండుటయే మేలని మాకు తోచును. ఏథెన్సులో ఒంటరిగా కనిపెట్టుచున్నప్పుడు మాత్రము, చూచినది అతని ఆత్మను ఊరకుండనియ్యలేదు (17:16).

గణపవరమునుండి నిడమర్రు మీదుగా కొల్లేటివైపు నడచునప్పుడు ఈ రెండవ సంగతియే మమ్మును పట్టుకొనును. ఇరుప్రక్కల చేపల చెరువులు, గట్లపై కొంగలు, పైన గూడబాతుల బారులు; కన్నులకు పండుగే. ఈ సరస్సు 1999లో అభయారణ్యమాయెను. 2006లో దాని లోపలి చేపల చెరువుల గట్లను తెగగొట్టిరి. పక్షులకు నీరు కావలసినదే, సందేహము లేదు. అయితే ఆ చెరువులపై బ్రదికిన లంకగ్రామములవారి మాటయేమి? బస్సులో పోవువానికి ఈ ప్రశ్న రాదు. నడచువాడు దాహమునకు నీళ్లడుగవలెను. అడిగిన యింటి అరుగుమీద కూర్చుండవలెను. కూర్చుండినపిమ్మట ఆ యింటివారి కష్టము వినక లేచిపోవుట మర్యాద కాదు. పక్షులను చూడబోయినవానికి మనుష్యులు అడ్డువచ్చిరని విసుగుకొను అధికారము కలదా? వినుచుండగనే ఒక్కొక్కప్పుడు, కొల్లేటి ఒడ్డు చేరకముందే, ప్రొద్దు గ్రుంకును.