సంయోగధర్మం: కేబుల్ కొసన ఒక తార్కిక ప్రశ్న

రెండు వస్తువులు కలిసి ఉన్నాయన్నప్పుడు ఆ కలయిక వాటికి తోడుగా ఉన్న మరో వాస్తవమా, లేక చూసేవారి మనసు కల్పించుకున్న మాటా అన్న ప్రశ్న భారతీయ దర్శనాలలో చిరకాలంగా నలిగినది. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ‘సంబంధపరీక్ష’లో సంబంధానికి వాస్తవసత్తను నిరాకరించగా, న్యాయవైశేషికులు దానిని నిలబెట్టి రెండుగా విభజించారు. దారాలకూ వస్త్రానికీ మధ్య ఉండే విడరాని సంబంధం సమవాయం. చేతికీ పుస్తకానికీ మధ్య ఉన్నట్టు, కొత్తగా ఏర్పడి మళ్లీ పోగల కలయిక సంయోగం. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన ‘తర్కసంగ్రహం’ సంయోగాన్ని ద్రవ్యంగా కాక 24 గుణాలలో ఒకటిగా లెక్కిస్తుంది.

ఈ విచారణ ఎంత సూక్ష్మమైనదో ఇంటికి ఇంటర్నెట్‌ను తెచ్చే కోయాక్సియల్ కేబుల్ కొసన చూడవచ్చు. కోయాక్సియల్ అంటే ఒకే అక్షం గలది: నడుమ లోహపు తీగ, దాని చుట్టూ తెల్లని ప్లాస్టిక్ నురుగు, దానిపై అల్యూమినియం రేకు, ఆపై జాలీలా అల్లిన సన్నని తీగలు, అన్నింటికీ పైన తొడుగు. ఇళ్లలో వాడే ఆర్‌జీ-6 కేబుల్‌లో నడిమి తీగ మందం సుమారు 1 మిల్లీమీటరు. కనెక్టర్ బిగించేవారు తొడుగును కోసి, జాలీ తీగలను వెనక్కి మడిచి, నడిమి తీగను సుమారు 6 మిల్లీమీటర్లు బయటపెట్టి, తెల్లని నురుగు కనెక్టర్ లోపలి అంచుతో సమంగా వచ్చేవరకు నెట్టి, ఆపై కంప్రెషన్ పనిముట్టుతో నొక్కుతారు. ఇందులో వస్తువులన్నీ ముందే ఉన్నాయి. కొత్తగా పుట్టేది సంయోగం ఒక్కటే.

సంయోగం అవ్యాప్యవృత్తి అని తార్కికులు చెబుతారు, అంటే అది తన ఆశ్రయాన్ని పూర్తిగా వ్యాపించదు. కొమ్మ మీద కోతి ఉన్నప్పుడు చెట్టుకు కొమ్మ దగ్గర కోతితో సంయోగం ఉంటుంది, మొదలు దగ్గర ఉండదు. కేబుల్ విషయంలోనూ అంతే: కనెక్టర్ మరలు గట్టిగా బిగిసి, లోపల నడిమి తీగ మాత్రం వెంట్రుకవాసి ఎడంగా మిగిలిపోవచ్చు. అప్పుడు హెచ్చు పౌనఃపున్యాల సంకేతాలు ఆ సందును దాటిపోతాయి గానీ, ఇంటి నుంచి బయటికి వెళ్లే సంకేతాలను మోసే తక్కువ పౌనఃపున్యాలు క్షీణిస్తాయి, కాబట్టి టీవీ బొమ్మ చక్కగా కనిపిస్తూనే ఇంటర్నెట్ తెగిపోతూ ఉంటుంది.

సంయోగం ఎంత అవసరమో, ఉండకూడని చోట సంయోగాభావం కూడా అంతే అవసరం. జాలీలోని ఒక్క సన్నని పోగు జారి నడిమి తీగకు తగిలితే సంకేతం అక్కడే ఆగిపోతుంది. కేబుల్ నలిగి రెండు లోహాల మధ్య దూరం మారితే, ఆ దూరంపై ఆధారపడిన 75 ఓముల ఇంపిడెన్స్ చెడి, సంకేతంలో కొంత భాగం వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది.

నడిమి తీగ ఎడంగా మిగిలినప్పుడు కేబుల్‌ను విడిగా పరీక్షిస్తే లోపం కనిపించదు, మోడెమ్‌లోనూ కనిపించదు. సంయోగం రెండింటిలోనూ కలిసి ఉండే గుణమని తార్కికులు చెప్పిన మాటకు బలం ఇక్కడ ఉంది. బౌద్ధులు సంయోగాన్ని కూడా రెండు వస్తువులు నడుమ ఎడం లేకుండా పుట్టడంగానే వివరించగలరు గనుక వాదం ముగిసిందనలేము. అయితే లోపాన్ని వస్తువులలో కాక వాటి మధ్య వెతకాలన్న సంగతిని ఏ పక్షమూ కాదనలేదు.

సంయోగం కర్మ వల్ల, అంటే కదలిక వల్ల పుడుతుంది, మరొక సంయోగం వల్ల కూడా పుడుతుంది: చెయ్యి పుస్తకాన్ని తాకితే దేహం పుస్తకాన్ని తాకినట్టే. ఈ రెండో రకమే విచారణను నీతి వైపు నడిపిస్తుంది. వదులుగా ఉన్న కనెక్టర్ గుండా బయటి రేడియో తరంగాలు చొరబడతాయి. అవి ఆ ఇంట్లోనే ఆగక, వీధిలోని ఇళ్లన్నింటి సంకేతాలు చేరే తీగలో కలిసి ఇరుగుపొరుగు సేవను కూడా చెరుస్తాయి. సమవాయం నిత్యం కాబట్టి ఎవరి శ్రద్ధనూ కోరదు; సంయోగం చేతులతో పుట్టి, ఎండకూ వానకూ విడిపోయేది కాబట్టి చేసినవారి బాధ్యతగా మిగులుతుంది. అందుకే నొక్కిన కనెక్టర్‌ను ఒకసారి గట్టిగా లాగి చూసి, అది కదలకపోతేనే తరువాతి ఇంటికి వెళ్లే పనివాడు పొరుగువారి పట్ల తన ధర్మాన్ని నెరవేరుస్తున్నాడు.