వాతావరణ పటమును సత్యధర్మమును

జరిగినదానిని జరిగినట్లు చెప్పుట సత్యమని బాలురకు బోధించుచున్నాము. గతమును గూర్చి పలుకువారికి ఈ లక్షణము చాలును. కాని జరుగబోవుదానిని గూర్చి పలుకువాని సత్యమును దేనితో కొలువవలెను? రేపు మీ యింటికి వచ్చెదనని నిండుమనస్సుతో చెప్పినవాడు నడుమ వాగు పొంగుటచే రాలేకపోయెననుకొందము. వానిని మన మసత్యవాది యనము. మరియొకడు రాదలపకయే వచ్చెదనని చెప్పి, వేరొక పనిమీద ఆ త్రోవనే పోవలసివచ్చి మన గుమ్మము ద్రొక్కెను. వాని మాట నిజమైనది; వాడు మాత్రము సత్యవంతుడు కాడు. మాట నిజమగుట వేరు, మాటాడినవాడు సత్యవంతుడగుట వేరు. ఈ భేదమును మరచుటచేతనే ప్రతిరాత్రియు మన యిండ్లలో టెలివిజను వాతావరణ పటము నెదుట ఒక యన్యాయపు తీర్పు జరుగుచున్నదని మా యభిప్రాయము.

వార్తల చివర పటము కానవచ్చును. జిల్లాలకు రంగులు, సముద్రముపై ఒక సుడి, ఆ సుడినుండి తీరమువరకు సాగిన గీత. ఇంటి పెద్ద దానిని చూచి, "వీరు వాన యన్ననాడు ఎండ కాయును, ఎండ యన్ననాడు డాబామీది వడియములు తడిసి ముద్దయగును" అని నవ్వును. పిల్లలును నవ్వుదురు. వారు మిక్కిలిగ నవ్వునది "ఒకటి రెండు చోట్ల" అను మాటను గూర్చి. ఎక్కడ పడినను తప్పించుకొనుటకు వీలుగ పన్నిన మాటయని వారి యూహ.

ఆ మాటకు కొలత యున్నదని మనలో నెంతమంది యెరుగుదురు? భారత వాతావరణ శాఖవారి పరిభాషలో, ఒక ప్రాంతమున వర్షమును కొలుచు కేంద్రములు నూరున్నచో వానిలో 25కు మించకుండ వాన పడుట "ఒకటి రెండు చోట్ల" పడుట యగును. "కొన్ని చోట్ల" యనిన 26 మొదలు 50 వరకు. అటుపైని మాటలకును ఇట్టి హద్దులే కలవు. మీ పెరడు పొడిగ నున్నంతమాత్రమున ఆ మాట బొంకు కాదు. నూటికి డెబ్బదియైదు పెరడులైనను పొడిగ నుండునని వారు ముందే చెప్పియున్నారు.

మేఘాధిపతి యెవ్వడో, సముద్రమున నెన్ని పాళ్లు, భూమిపై నెన్ని పాళ్లు కురియునో ఉగాదినాడు పంచాంగశ్రవణమున భక్తితో విందుము. ఏడాది కడపట ఆ పాళ్లను తూచి చూచినవా డొక్కడును లేడు. వరాహమిహిరుని యెడల మాకు వేరుగ గౌరవము కలదు. మేఘము గర్భము దాల్చిన 195 దినములకు వర్షించునని ఆయన బృహత్సంహితలో చెప్పెను. ఆ సిద్ధాంతము నేటి శాస్త్రమునకు నిలువదు. అయినను దినముల లెక్క చెప్పినవాడు పరీక్షకు సిద్ధపడినవాడు. నేటి వాతావరణ శాఖవారును అట్లే ప్రతిదినము పరీక్షకు నిలుచుచున్నారు. పరీక్షకు నిలుచువానిని చూచి నవ్వుట, నిలువనివానికి నమస్కరించుట మన యిండ్ల వింత యాచారము.

ఇక "అవకాశము నూటికి 30 పాళ్లు" అను మాటను చూతము. ఇట్టి మాటను ఒక్క దినమును బట్టి నిజమనుటకును వీలులేదు, అబద్ధమనుటకును వీలులేదు. వాన పడినను సరిపోవును, పడకున్నను సరిపోవును. ఇది యేమి సత్యమని చదువరు లడుగవచ్చును. అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడైన గ్లెన్ బ్రయర్ ఇట్టి మాటలకు గుణము కట్టు పద్ధతి నొకదానిని 1950లో ప్రకటించెను. దాని గణిత మిచట నక్కరలేదు. అందలి నీతి మాత్రము గృహస్థులకును పనికివచ్చును. ముప్పది పాళ్లని చెప్పిన దినముల నన్నిటిని ప్రోగుచేయవలెను. అట్టివి నూరు దినములున్నచో ఇంచుమించు ముప్పది దినములు వాన పడియుండవలెను. ఎనుబది పాళ్లన్న దినములలో ఎనుబది. అట్లు పడినచో ఆ చెప్పినవాడు తనకు తెలిసినంతయే చెప్పెను, తెలియనిదానిని తెలిసినట్లు నటింపలేదు. మా దృష్టిలో భవిష్యత్తును గూర్చి పలుకువానికి ఇంతకంటె గొప్ప సత్యము లేదు.

పటమున ఈ సత్యమునే రేఖలతో వ్రాయుదురు. తుపాను పటమున గీతకు ఇరువైపుల, ముందునకు పోయినకొలది వెడల్పగుచు విసనకఱ్ఱవలె విచ్చుకొను ప్రదేశ మొకటి యుండును. తుపాను కేంద్రము ఎంత యటునిటు జరుగవచ్చునో, గడచిన సంవత్సరముల తప్పులను లెక్కించి దానిని గీయుదురు. అమెరికా తుపాను కేంద్రమువారి పటమున, తుపాను మూడింట రెండు పర్యాయములు ఆ విసనకఱ్ఱలోపల పోవును. మూడవ పర్యాయము వెలుపలికి పోవచ్చును. అనగా తన తప్పును తానే కొలిచి, ఆ కొలతను తన మాటతోపాటు ప్రకటించిన పటమిది. మనుష్యులలో ఇట్టి సత్యసంధు లెందరు?

చూచువారి కన్ను మాత్రము గీతమీదనే నిలుచును. 2004 ఆగష్టు 13వ తేదీన ఛార్లీ అను తుపాను ఫ్లోరిడా పశ్చిమతీరమును సమీపించుచుండగా, పటమునందలి గీత టాంపా నగరమువైపు పోయినది. తుపాను కుడికి మరలి, అచటికి నూరు కిలోమీటర్లకు పైగా దక్షిణముననున్న పుంటగోర్డా ప్రాంతమును ధ్వంసము చేసినది. ఆ యూరు విసనకఱ్ఱలోపలనే యున్నది; హెచ్చరికయు నిచ్చియుండిరి. గీత తమ యూరిమీదుగ పోలేదు గనుక ఆపద యితరులదని తలచినవారు పెక్కుమంది. పట మసత్య మాడలేదు. గీతను మాత్రమే చదివినవారు సగము మాటనే వినిరి.

మన శాఖవారు గీచిన విసనకఱ్ఱకు కొన్ని టెలివిజను కార్యాలయములలో పట్టు గతి వేరు. అది చూచుటకు సొగసుగ నుండదని దానిని తుడిచి, గీతను మాత్రము లావుచేసి, తీరమంతయు గప్పునట్లు సుడిని త్రిప్పి, ఎఱ్ఱరంగు పులిమి, ఉరుముల చప్పుడు జతచేయుదురు. శాఖవారి రంగులకు నియతమైన యర్థము కలదు: పసుపు గమనించుచుండుమని, నారింజ సిద్ధపడుమని, ఎఱుపు కార్యమునకు పూనుకొనుమని. అవి వాన యెంతయో చెప్పు రంగులు మాత్రమే కావు. మన మేమి చేయవలెనో చెప్పు రంగులు. ఆ యెఱ్ఱరంగును చూపరులను ఆకర్షించుటకు వాడినవాడు, నిజముగ ఎఱుపు కావలసిననాడు ఏ రంగు వాడును?

మంచికొఱకైనను ఉన్నదానికంటె హెచ్చుగ భయపెట్టవచ్చునా? ఇది తేలికగ తేలు ప్రశ్న కాదు. అమెరికాలో వెదర్ ఛానల్ అను టెలివిజను సంస్థ వాన యవకాశము నూటికి 20 పాళ్లని చెప్పిన దినములలో నిజముగ వాన పడినవి సుమారు 5 పాళ్లే యని నేట్ సిల్వర్ 2012లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. కారణము విచిత్రమైనది. చెప్పని వాన పెండ్లిపందిట కురిసినచో గృహస్థుడు తిట్టును; చెప్పిన వాన కురియకున్నచో సంతోషించి మరచును. అందుచే తిట్లులేని వైపునకు అంకె కొంచెము జరిగినది. ఏ యొక్క దినమును పట్టి చూపి యిది బొంకని యెవ్వరును నిరూపింపలేరు.

దీనిని సమర్థించువారి వాదము తోసివేయదగినది కాదు. నూతిలో బూచి యున్నదని తల్లి బిడ్డను బెదరించుట లేదా? బిడ్డ బ్రతుకుట ముఖ్యము గాని బూచి యుండుట ముఖ్యము కాదు గదా యని వారందురు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ వారెవ్వరును మరువలేరు. ఉప్పెన యూళ్లకూళ్లను ఊడ్చుకొనిపోయినది. సుమారు పదివేలమంది చనిపోయిరి. ఆ సీమలో బంధువులను పోగొట్టుకొన్నవానితో, హెచ్చరిక పాళ్ల లెక్కకు సరిగ నుండవలెనని వాదించుటకు మాకు నోరు రాదు. ఎంత భయపెట్టియైనను లేవదీసి యుండవలసినదని యతడన్నచో అతనిది ధర్మమైన కోపమే.

అయినను అధికముగ చెప్పిన హెచ్చరికకు మూల్య మెవరు చెల్లించుచున్నారో చూడవలెను. కార్తిక మార్గశిర మాసములలో కృష్ణా డెల్టాలో వరి కోతకు వచ్చును. కోసిన పనలు చేనిలో ఆరుచుండును. వాన వచ్చునన్నచో రైతు రెట్టింపుకూలి యిచ్చియైనను పనలను కుప్పవేయించును, లేదా కోత నాపును. పచ్చిపనలు కుప్పవేసినచో గింజ రంగు మారి ధర పడిపోవును. కోయక యుంచిన చేను గాలికి పడిపోవచ్చును. వాన రాలేదు, కూలి మాత్రము పోయినది. వేటకు పోవలదని పడవను ఒడ్డునకు లాగినవాని యింట ఆ పూట పొయ్యి సందేహమే. మేడలోనున్న మనకు వట్టిపోయిన హెచ్చరిక ఒక హాస్యము, వారికి అప్పు. అట్టి యప్పు మూడు పర్యాయములు చేసినవాడు నాలుగవమారు ఎఱ్ఱరంగును చూచి పడవను నీటిలోనికి త్రోయును. నూతిలో బూచి లేదని ఒకనాడు తొంగిచూచి తెలిసికొన్న బిడ్డకు, నూతిలో నీరున్నదన్న మాటమీదను నమ్మకము తగ్గును.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను ఒడిషాతీరమునకు వచ్చుచుండగా, విదేశపు నిపుణులు కొందరు అది మహోగ్రమైన సూపర్ సైక్లోను కాగలదనిరి. మన శాఖవారిపై వచ్చిన ఒత్తిడి యెంతయో యూహింపవచ్చును. పెంచి చెప్పినచో నిందయుండదు, తగ్గించి చెప్పి తప్పినచో ప్రాణనష్టపు పాపము తమది. వారు తమ లెక్కనే చెప్పి నిలిచిరి. 12వ తేదీ రాత్రి తుపాను గోపాలపురము సమీపమున వారి లెక్కకు దగ్గరగనే తీరము దాటినది. లెక్కకు మించి భయపెట్టకయే పదిలక్షలకు దగ్గరగ జనమును తరలింపగలిగిరి. 1999 నాటి తుపానులో అదే రాష్ట్రమున వేలమంది చనిపోగా, ఈమారు మరణములు కొలదిపదులకు మించలేదు.

ఆ మరుసటి మాసముననే వేరొక పరీక్ష వచ్చినది. 22వ తేదీన హెలెన్ తుపాను మచిలీపట్టణము సమీపమున తీరము దాటినది. వారము తిరుగకముందే లెహర్ అనునది అంతకంటె తీవ్రముగ వచ్చుచున్నదనిరి. జనమును తరలించిరి. 28వ తేదీన అది మచిలీపట్టణము దగ్గర తీరము చేరునప్పటికి వట్టి వాయుగుండమై చల్లారిపోయినది. శాఖవారు అసత్యమాడిరా? తీవ్రమైన తుపాను సముద్రముపై నుండిన మాట నిజము. అది తీరమునకు రాకమునుపే పొడిగాలి చొచ్చి కృశించినది. ఆ చొప్పున తమకు తెలిసినంత చెప్పినవారు చెప్పినమాట నెరవేరలేదు. వాగు పొంగి రాలేకపోయినవాని వంటివారు వారు. అటు తరువాత ఏడాదికి, 2014 అక్టోబరు 12వ తేదీన, కొన్ని దినములు ముందుగనే చెప్పినట్లు విశాఖపట్టణమునే హుద్‌హుద్ తాకినది. లెహర్‌ను దలచి నవ్వి హుద్‌హుద్‌నాడు సముద్రపుటొడ్డున నిలుచుండినవానికి లెక్క తెలియదనవలసినదే.

తప్పును ఒప్పుకొనలేనివాని చేతిలో పటమేమగునో గూడ లోకము చూచినది. 2019 సెప్టెంబరు 1వ తేదీన అమెరికా అధ్యక్షుడు ట్రంప్ డోరియన్ తుపాను అలబామా రాష్ట్రమునకును ప్రమాదకరమని ప్రకటించెను. ఆ రాష్ట్రమునందలి వాతావరణ కార్యాలయమువారు వెంటనే, తమకట్టి ప్రమాదము లేదని జనులకు తెలిపిరి. 4వ తేదీన ఆయన టెలివిజను యంత్రముల యెదుట చూపిన పటమున విసనకఱ్ఱ అంచునకు నల్లసిరాతో ఒక వంపు చేర్చి అలబామాను కలిపియున్నది. సిరా యెవరిదైన నేమి! అలబామాకు తుపాను రాలేదు.

మా తరగతి బాలురకు ఒక పుస్తకము నిచ్చితిమి. ప్రతిరాత్రియు పటమున చెప్పినది ఒక గడిలో, మరునాడు జరిగినది రెండవ గడిలో వ్రాయవలెను. మొదటి వారముననే తగవు వచ్చినది. "ఒకటి రెండు చోట్ల" అన్ననాడు బడివద్ద చినుకు లేదు. కాలువకు అవతలి యూరిబాలుడు తడిసివచ్చెను. ఏమని వ్రాయవలెను? తప్పని వ్రాయుదమని కొందరు, ఒప్పని కొందరు. తమ బడి పెరడొక్కటి చాలదని వారికే తోచి, చుట్టుపట్ల గ్రామముల బడిపిల్లలకు జాబులు వ్రాసిరి. ఇప్పుడు ప్రతి సోమవారమును ఆ గ్రామములనుండి లెక్కలు వచ్చుచున్నవి. ఒక యూరినుండి రెండు వారములుగ రాలేదు; వారి వానకొలత డబ్బాను కోతి పడద్రోసెనట. ఆ రెండు వారముల గడులను ఖాళీగ నుంచుమని చెప్పియున్నాము.